మా అవ్వ ఏ రకం అన్‌డెడ్?

చచ్చాక కూడా తిరిగేవాళ్లను ఇంగ్లీషు ఫాంటసీల్లో అన్‌డెడ్ అంటారు. మా తమ్ముని కొడుకు అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వాళ్లనే చంపుతుంటాడు. సచ్చినోళ్లను మళ్ల సంపుడేందిరా అంటే, "పెద్దనాయినా, ఆళ్లు సరిగ్గ సావలే" అన్నాడు. అప్పటి నుంచి పాలమూరు జిల్లా లెక్కన దీని గురించి ఆలోచిస్తున్నాను.

వాళ్లలోనూ ఎక్కువ తక్కువలున్నాయట. అడుగున జాంబీలు. కూలి అడగరు, ఎటు తోలితే అటు పోతారు. గుంపు మేస్త్రీ వెంట ముంబై బస్సెక్కిన మనోళ్లు గుర్తొచ్చి ఆ భాగం ఎక్కువసేపు చూడలేదు. పైన లిచ్ దొర. ప్రాణం పెట్టెలో దాచుకుంటాడు. మాయల ఫకీరు చిలుకలో దాచింది బుర్రకథల్లో విన్నవాళ్లకు ఇదేం వింత కాదు. నడుమ వాంపైర్లు. అద్దంలో కనపడరు.

మా అవ్వ ఈ రకమేనని నా అనుమానం.

అరవై ఏండ్లు నాట్లేసి, కలుపు తీసి, బోళ్లు తోమి ఆమె వేలి గీతలు అరిగిపోయాయి. పింఛన్ మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటు. కొంగుతో తుడుచుకుని, ఉఫ్‌మని ఊది, తలకున్న నూనె కొంచెం రాసుకుని మళ్లీ పెడుతుంది. మళ్లీ ఎర్ర లైటే. మనిషి ఎదురుగా ఉంది, మిషన్లో లేదు. 2016 రూపాయలు అందులోనే ఉన్నాయి.

1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో అన్‌డెడ్‌ను వెనక్కి పంపే శక్తి పూజారులది. దానికి దేవుని బలం కావాలి. మా మిషన్ పిలగానికి అదీ అక్కర్లేదు. "సర్వర్ లేదవ్వా" అంటాడు. లైన్ మొత్తం వెనక్కి మళ్లుతుంది.

మహబూబ్‌నగర్ పక్కన వందల ఏండ్ల పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. మంచి పనే. ముందు ఊడతో వేలిముద్ర వేయించమని దాన్నెవరూ అడగలేదు.

మొన్న పెత్రమాసకు తాత పేర బియ్యం ఇస్తున్నాం. చాటలో బియ్యం, చింతపండు, వంకాయలు పెట్టి అయ్యవారికి పెద్దల పేర్లు చెప్తుంటే గడపలో కూర్చున్న అవ్వ అందుకుంది.

"నా పేరు గూడ చెప్పు కొడుకా."

"అదేందే అవ్వా, బతికే ఉంటివి గద!"

"ఆడ లేనంటిరి, ఈడ ఉన్ననంటిరి. సచ్చినోళ్లకైతె ఏడాదికొక్కపారన్న ముడుతుంది."