కస్టమర్ దేవుడే, సందేహం వద్దు

కస్టమర్ మాకు దేవుడు అని ఏ కంపెనీ పెద్ద మైకు పట్టుకున్నా అంటాడు. అవన్నీ ఉత్తుత్తి మాటలని గిట్టనివాళ్లు కొట్టిపారేస్తారు. అది తప్పు. మన కంపెనీల నాయకులు ఆ మాటని అక్షరాలా పాటిస్తున్నారు. దేవుడికి నైవేద్యం చూపించి ఎవరు తింటున్నారు? మనమే కదా. పైగా దేవుడు మాట్లాడడు. గర్భగుడిలో విగ్రహం ఉన్నట్టుండి నోరు తెరిచి "పులిహోరలో ఉప్పెక్కువైంది" అంటే పూజారి గతేం కావాలి? అలా నోరు తెరిచే దేవుళ్ల కోసమే కస్టమర్ కేర్ పుట్టింది. తెలుగు కోసం రెండు నొక్కితే, మీ కాల్ మాకెంతో ముఖ్యమని చెప్పి సంగీతం వినిపిస్తారు. దేవుడికి నాదార్చన ఉండాలిగా మరి.

కొన్ని బ్యాంకుల గోడల మీద గాంధీగారి ఫొటోతో ఒక బోర్డు ఉంటుంది. మన దగ్గరికి వచ్చేవారిలో కస్టమరే ముఖ్యుడు, ఆయన మన మీద ఆధారపడలేదు, మనమే ఆయన మీద ఆధారపడ్డాం అని. గాంధీ ఈ మాట అన్నట్టు ఆధారం దొరకలేదు. ఇలాంటి మాటలే 1941లో అమెరికాలోని స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీ సేల్స్ పెద్ద పేరిట అచ్చయ్యాయి. సేల్స్ వాడి మాటకి మహాత్ముడి ఫొటో తగిలించడం కన్నా గొప్ప మార్కెటింగ్ నాకైతే తెలీదు. ఆ కంపెనీ 1966లో కార్లు చెయ్యడం మానేసింది. బోర్డు మాత్రం ఇక్కడ దివ్యంగా నడుస్తోంది.

ఇక ఈ విషయంలో జగద్గురువు జెఫ్ బెజోస్. అమెజాన్ తొలి రోజుల్లో మీటింగుల్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవాడని, అది కస్టమర్ కుర్చీ అని ప్రతి మేనేజ్‌మెంట్ పాఠంలోనూ చెబుతారు. దేవుణ్ణి ఇంత బాగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు లేడు. కుర్చీ ప్రశ్న వెయ్యదు, రీఫండ్ అడగదు.

ఆయనే 2004లో పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దన్నాడు. బుల్లెట్ పాయింట్ల చాటున తికమక దాక్కుంటుందని, పూర్తి వాక్యాల్లో నోట్ రాసుకు రమ్మన్నాడు. స్పష్టమైన ఆలోచన అంటే అది. ఆ స్పష్టత ఫలించింది కూడా. డబ్బు కట్టి తీసుకునే అమెజాన్ సభ్యత్వం ప్రైమ్‌లో చేరాలంటే ఒకటి రెండు క్లిక్కులు. బయటికి రావాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు. ఈ లెక్క నాది కాదు, 2023లో అమెజాన్ మీద కేసు వేసిన అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ది. బయటికొచ్చే ఆ దారికి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్' అట. పదేళ్ల యుద్ధం మీద పుట్టిన గ్రీకు కావ్యం! మనవాళ్లయితే మహాభారతం అని పెట్టి, పద్దెనిమిది పర్వాలకి పద్దెనిమిది ఓటీపీలు అడిగేవాళ్లు. 2025 సెప్టెంబరులో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకి రాజీ పడింది. అందులో 150 కోట్లు కస్టమర్లకి తిరిగిచ్చేందుకు. కుర్చీ వాటా ఎంతో ఎక్కడా రాయలేదు.

మనమేం వెనకబడి లేం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 ఎత్తుగడల జాబితా ఇచ్చి, వాడొద్దంది. అడగని సరుకు బుట్టలో దూర్చడం, అసలు ధర చివర్లో చెప్పడం, చేరినవాణ్ణి బయటికి పోనివ్వకపోవడం. విమానం టికెట్‌తో బీమా వద్దనుకుంటే "నేను రక్షణ లేకుండా ఉంటాను" అని మనచేతే టిక్ పెట్టించడం కూడా అందులో ఒక ఉదాహరణ. ప్రభుత్వం ఆ జాబితాని నిషేధం అనుకుంది. కొందరు నాయకులు సిలబస్ అనుకున్నారు.

మొన్న ఒక అమాయక మిత్రుడు ఇదంతా విని, ప్రతి సీఈవో నెలకోసారి సొంత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే చాలు, అన్నీ దారికొస్తాయన్నాడు. పాపం, లోకం తెలీదు. సీఈవో నంబరు ఆ సిస్టమ్‌లో ముందే ఉంటుంది. మొదటి రింగుకే ఎత్తుతారు, పేరు పెట్టి నమస్కారం సార్ అంటారు, రెండు నిమిషాల్లో పని చేసిపెడతారు. ఆయన ఫోన్ పెట్టేసి, మన సర్వీసు బ్రహ్మాండంగా ఉంది, ఇంకో ఇరవై మందిని తీసెయ్యొచ్చు అని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతాడు.