హైదరాబాద్ శివారు: ఇళ్లు వచ్చేశాయి, బస్సు ఎప్పుడొస్తుంది?

ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కేంద్రం 2025లో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. వాటికి కావాల్సిన డిపోలు, ఛార్జింగ్ ఏర్పాట్ల ఖర్చు కోసమంటూ అదే ఏడాది అక్టోబర్ 6 నుంచి సిటీ బస్సు ఛార్జీలు పెంచారు. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. అంటే అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్టలో దిగేవాళ్ల మీద పడిన భారానికి రెట్టింపు ఘట్‌కేసర్ నుంచో, ఇబ్రహీంపట్నం నుంచో వచ్చేవాళ్ల మీద పడింది. ఎక్కువ కడుతున్నది శివారు ప్రయాణికులే కాబట్టి ఈ బస్సులు ఎక్కడ తిరగాలో తేల్చేటప్పుడు ముందుగా వినాల్సింది వాళ్ల మాటే. నగరంలో బస్సు రూట్లు ఎలా పుట్టాయో, ఎక్కడ దారి తప్పాయో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ఇక్కడ బస్సును మొదలుపెట్టింది రైల్వే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. 1951లో అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖగా మారింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ఆ కాలంలో ఊరి పనులన్నీ మూడు నాలుగు చోట్లే జరిగేవి. వైద్యానికి ఉస్మానియా, వ్యాజ్యానికి హైకోర్టు, సరుకులకు బేగంబజార్, రైలుకు సికింద్రాబాద్. కాబట్టి కోఠి, అఫ్జల్‌గంజ్, సికింద్రాబాద్ స్టేషన్‌ల నుంచే రూట్లు బయటికి సాగాయి. చిన్న నంబర్లు జంట నగరాలను కలిపేవి. రెండు వందల వరుసలో ఎక్కువ భాగం శివారువి: 216 లింగంపల్లి, 219 పటాన్‌చెరు, 229 మేడ్చల్, 251 శంషాబాద్, 277 ఇబ్రహీంపట్నం. ఈ నంబరు చెబితే చాలు, మనిషి ఏ దిక్కు నుంచి వచ్చాడో పాత హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పేస్తారు.

శివారు రూట్లకు అసలు ఊపు ప్రభుత్వరంగ సంస్థలతో వచ్చింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్ఏఎల్, కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్. అప్పట్లో ఆ చుట్టుపక్కల జొన్న చేలు, బండరాళ్లు తప్ప ఇంకేమీ లేవు. వేల మంది కార్మికులు షిఫ్టు వేళకు చేరాలి కాబట్టి బస్సు వెళ్లింది. బస్సు ఆగిన చోట టీకొట్టు, దాని పక్కన కిరాణా కొట్టు, ఆ వెనక సొసైటీ ప్లాట్లు. హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో కాలనీ కట్టినప్పుడూ పటాన్‌చెరు వైపు వెళ్లే బస్సు రోడ్డు దగ్గర్లోనే ఉంది. గుమస్తాలు, టీచర్లు, ఫిట్టర్లు ధైర్యం చేసి ఊరికి దూరంగా స్థలం కొన్నది ఆ బస్సును చూసే. నగర జనాభా 1981లో సుమారు 25 లక్షలు, 1991 నాటికి 43 లక్షలు దాటింది. పదేళ్లలో వచ్చిన ఆ జనంలో చాలామంది బస్సు రూట్ల వెంటే ఇళ్లు కట్టుకున్నారు.

ఆ రోజుల్లో శివారు పల్లెకు కొత్త రూటు వచ్చే పద్ధతి ఒకటుండేది. సర్పంచి నలుగురిని వెంటబెట్టుకుని డిపో మేనేజర్ దగ్గరికి వెళ్లేవాడు. ఆర్టీసీ వాళ్లు వచ్చి రోడ్డు వెడల్పు, కల్వర్టులు, బస్సు తిప్పుకోవడానికి ఊళ్లో జాగా ఉందా లేదా చూసుకునేవాళ్లు. అన్నీ కుదిరితే రోజుకు రెండు ట్రిప్పులు వేసేవాళ్లు. అందులో ఊరికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఆఖరి ట్రిప్పుగా వచ్చి రచ్చబండ దగ్గర ఆగేది. డ్రైవర్, కండక్టర్ పంచాయతీ ఆఫీసులోనో, బడి వరండాలోనో పడుకునేవాళ్లు. తెల్లవారుజామున పాల క్యాన్లు, కొత్తిమీర కట్టలు, వంకాయ గంపలతో ఆడవాళ్లు వచ్చి నిలబడేవాళ్లు. గంపలు వెనక సీటు కింద సర్దుకోవడం, లగేజీ టికెట్ దగ్గర కండక్టర్‌తో గొడవ పడటం రోజూ ఉండేదే. ఎండెక్కకముందే సరుకు దిల్‌సుఖ్‌నగర్ చేరేది. ఆ బస్సు ఒక్కరోజు రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అదే బస్సులో ఇంటర్ చదివే ఆడపిల్లలు వెళ్లేవాళ్లు. రాత్రి తిరిగొచ్చే బస్సు ఉందన్న భరోసాతోనే తల్లిదండ్రులు చాలామంది పిల్లల్ని పట్నం కాలేజీలో చేర్పించారు. ఏ ఆర్టీసీ లెక్కల్లోనూ ఈ సంపాదన కనిపించదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం మొదలయ్యాక, ముందు బస్సు తర్వాత ఇల్లు అన్న ఈ వరుస తలకిందులైంది. పని ఉండే చోటు పడమటికి జరిగింది, రూట్లు మాత్రం కోఠి, సికింద్రాబాద్ చుట్టూనే ఉండిపోయాయి. 127కె, 10హెచ్ వంటి రూట్లు కొండాపూర్ దాకా సాగాయి గానీ అవీ పాత కేంద్రాల నుంచి బయల్దేరేవే. ఆ తర్వాత 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఆ ఏడాది నుంచి దశలవారీగా తెరుచుకుంది. ఔటర్ కార్ల కోసం, లారీల కోసం వేసిన రోడ్డు. ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీలు లేదు, దిగే వీలు లేదు, బస్‌స్టాపు పెట్టే చోటు అసలే లేదు. కోకాపేట, నార్సింగి, ఆదిభట్ల, శామీర్‌పేట వైపు వెంచర్లు లేచాయి. వాటి ప్రకటనల్లో ఎక్కువగా కనిపించింది ‘ఔటర్‌కు అయిదు నిమిషాలు’ అన్న మాటే. ఆ అయిదు నిమిషాలు కారున్నవాళ్లకే. ఆ టవర్లలో వంట చేసే, ఇల్లు తుడిచే, గేటు కాసే మనుషులు షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని వస్తున్నారు.

2017లో మెట్రో వచ్చింది, మంచిదే. అయితే దాని మొదటి దశ 69 కిలోమీటర్లలో ఎక్కువ భాగం బస్సు అరవై ఏళ్లుగా జనాన్ని మోసిన పాత రోడ్ల మీదే వెళ్తుంది. ఆ రోడ్ల మీద నుంచి మిగిలే బస్సులను శివారు కాలనీలకు మళ్లించి ఉంటే రెండూ ఒకదానికొకటి తోడయ్యేవి. జరిగింది వేరు. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక నష్టాల పేరుతో నగరంలో దాదాపు వెయ్యి బస్సులు తగ్గించారు. తర్వాత కరోనా వల్ల 2020 మార్చి నుంచి సెప్టెంబర్ దాకా సిటీ బస్సే లేదు. ఆ ఆరు నెలల్లో అప్పుచేసి బండి కొన్నవాళ్లు ఉన్నారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ బస్సే రాని కాలనీలో ఉచిత ప్రయాణం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

బస్సులు తగ్గించాల్సి వస్తే ముందు వేటు పడేది శివారు ట్రిప్పు మీదే. దీనికి కారణం ఎవరి దుర్మార్గమో కాదు, లెక్క వేసే తీరు. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్నదే ఆర్టీసీలో ప్రధానమైన కొలత. శివారు బస్సు ఉదయం ఊళ్లోకి నిండుగా వస్తుంది, తిరిగి ఖాళీగా పోతుంది, సాయంత్రం దీనికి తలకిందులుగా జరుగుతుంది. డిపో నగరం నడిబొడ్డున ఉంటే తెల్లవారుజామున ఖాళీగా బయటికి పంపాలి. ఆ డెడ్ కిలోమీటర్లన్నీ నష్టం ఖాతాలోకే పోతాయి. పైగా కొత్త కాలనీలో బస్సు నిలదొక్కుకోవాలంటే ఏడాది రెండేళ్లు ఖాళీగానైనా తిరగాలి. ఆ లోపు జనం బైకులు కొనేస్తారు, ఇక బస్సుకు గిరాకీ లేదని డిపో తేల్చేస్తుంది.

ఈ ఖర్చు ఒక్క ఆర్టీసీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ రోడ్డు, డ్రైనేజీ, పార్కు చూస్తుంది, వాటికి ఫీజులు వసూలు చేస్తుంది. బస్సు ఎలా వస్తుందని అడగదు. సిటీ బస్సు నష్టాల్లో కొంత జీహెచ్ఎంసీ భరించిన రోజులున్నాయి, ఆ ఏర్పాటు కొనసాగలేదు. కొల్లూరును చూడండి. ప్రభుత్వమే ఒక్కచోట 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించింది. లిఫ్టులు, మురుగునీటి శుద్ధి, దుకాణాలు అన్నీ ప్లాన్‌లో ఉన్నాయి. బస్తీల నుంచి అక్కడికి మారిన కుటుంబాలకు ఇల్లు వచ్చింది, కానీ పని పాత బస్తీ పక్కనే ఉండిపోయింది. అంత పెద్ద కాలనీకి పునాది తవ్వేనాడే బస్ డిపోకూ స్థలం తీయాల్సింది.

బెంగళూరు 1997లోనే నగర బస్సుకు బీఎంటీసీ అని విడి సంస్థ పెట్టుకుంది. అక్కడ రింగ్ రోడ్డు మీద 500 వరుస బస్సులు తిరుగుతాయి. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డుకు 500డి ఎక్కితే నగరం నడుమ ఉన్న మెజెస్టిక్ బస్టాండ్ ముఖం చూడనక్కర్లేదు. మనకూ మెహదీపట్నం, ఆరాంఘర్, ఎల్బీనగర్, ఉప్పల్‌లను కలుపుతూ 300 నంబరు బస్సు ఉంది. అది ఎప్పుడు చూసినా కిక్కిరిసే ఉంటుంది. నగరం నడుమకు రాకుండా పక్కకు వెళ్లాల్సినవాళ్లు ఎందరున్నారో తెలుసుకోవడానికి వేరే సర్వే అక్కర్లేదు. అలాంటి అడ్డ రూట్లు పదీ పదిహేను పడాల్సిన చోట ఒకటీ అరాతో సరిపెట్టారు.

కొత్త ఎలక్ట్రిక్ బస్సులతో ఒక ప్రమాదం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ఈ బస్సులు ప్రైవేటు ఆపరేటర్లవి. ఆర్టీసీ వాళ్లకు కిలోమీటరుకు ఇంత అని కట్టాలి, బస్సు నిండినా నిండకపోయినా. అలాంటప్పుడు వాటిని నిండే రూట్ల మీదే తిప్పాలని అధికారులకు అనిపించడం సహజం. రెండోది, డీజిల్ బస్సు రాత్రికి ఏ చెట్టు కింద నిలిపినా పొద్దున్నే కదులుతుంది. ఎలక్ట్రిక్ బస్సు ఛార్జర్ ఉన్న చోటికే చేరాలి. ఛార్జర్లన్నీ లోపలి డిపోల్లోనే పెడితే నైట్ హాల్ట్ అన్నదే ఉండదు, పల్లె నుంచి పొద్దున బయల్దేరే తొలి బస్సూ ఉండదు. కాబట్టి కొత్త డిపోలకు స్థలాలు కొల్లూరు, ఆదిభట్ల, ఘట్‌కేసర్, మేడ్చల్ వైపు చూడాలి. ఖాళీగా తిరిగే మొదటి రెండేళ్ల ఖర్చును లేఅవుట్ ఫీజుల నుంచి హెచ్ఎండీఏ ఆర్టీసీకి కట్టాలి. ఏ కాలనీకి ఎన్ని గంటలకు తొలి ట్రిప్పు, ఎన్ని గంటలకు ఆఖరి ట్రిప్పు అన్న రూట్ల జాబితాను బస్సులు రోడ్డెక్కకముందే వార్డు ఆఫీసుల్లో అతికించి, జనం అభ్యంతరాలు తీసుకోవాలి.