తలుపుల్లేని తోరణం

వరంగల్ కోటలో కాకతీయుల తోరణాలు నాలుగున్నాయి. ఒక్కదానికీ తలుపుల్లేవు. ఎవరైనా రావచ్చు. ఆ ఘన వారసత్వాన్ని నిలబెట్టే భారం ఈ తరంలో నా మీద పడింది కాబట్టి, నా సొంత మెయిల్ సర్వర్‌కు క్యాచ్-ఆల్ పెట్టాను, అంటే ఏ పేరుకు మెయిల్ వచ్చినా లోపలికి రానిచ్చే ఏర్పాటు.

మామూలు సర్వర్ తన దగ్గర లేని పేరుకు మెయిల్ వస్తే "550, అసొంటోళ్లు ఇక్కడ లేరు" అని గుమ్మంలోనే తిప్పి పంపుతుంది. ఎంత అమర్యాద! మాది హన్మకొండ, వచ్చినవాణ్ని చాయ్ తాగించకుండా పంపం. మా సర్వర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్. ఏ చిరునామాకొచ్చిన మెయిల్ ఎవరికి చేరాలో రాసే దాని వర్చువల్ ఫైలులో ఎడమపక్క పేరేమీ లేకుండా అట్ ద రేట్, మా డొమైన్. కుడిపక్క నా చిరునామా. ఆ ఫైలును సర్వర్ చదువుకునేలా మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ కొట్టాను. ఇక లోకంలో ఏ పేరైనా నేనే.

దీనికో ఆశయం ఉంది. ఒక్కో షాపుకు ఒక్కో చిరునామా ఇస్తే, మన మెయిల్ ఐడీని ఎవరు అమ్ముకున్నారో దొరికిపోతుంది. దొరికింది కూడా. చెప్పుల షాపుకిచ్చిన చిరునామాకు ప్లాట్ల ప్రకటన వచ్చింది. దొంగను పట్టేశాను! తర్వాత ఏం చేయాలో తెలియక, పండక్కి మళ్లీ అక్కడే చెప్పులు కొన్నాను. డిస్కౌంట్ ఉంది మరి.

ఈలోగా సేల్స్, అకౌంట్స్, అడ్మిన్ పేర్లతో అతిథులు దిగారు. స్పామ్ పంపేవాళ్లు పేర్లు ఊహించి విసురుతారు, నా దగ్గర ప్రతి ఊహా నిజమే. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాకైనా తేమ చూస్తారు, నేను అదీ చూడను. మా ఇంటి హెచ్ఆర్ విభాగానికి ఒకబ్బాయి రెజ్యూమె కూడా పంపాడు.

అసలు టెన్షన్ మూడో రోజు మొదలైంది. "నా మెయిల్స్ ఏమైనయ్? మా చెల్లె ఫొటోలు పంపిందట!" అంది మా ఆవిడ. పోస్ట్‌ఫిక్స్ ముందు ఈ వర్చువల్ ఫైలు చూశాకే మెయిల్ డబ్బాల దగ్గరికి వెళ్తుంది. నా ఒక్క లైను అదే సర్వర్‌లో ఉన్న ఆమె డబ్బాను మింగేసింది. ఆమె చిరునామాను ఎడమపక్కా, మళ్లీ అదే కుడిపక్కా రాస్తే గానీ దారికి రాలేదు. ఇంట్లో మనిషి కళ్లెదుట ఉన్నా రేషన్ కార్డులో పేరుంటేనే ఉన్నట్టు కదా. ఆమె మెయిల్స్ నేను చదవలేదు. చీర ధర మాత్రం కనిపించింది.

మూసేద్దామంటే కుదరదు. కౌంటర్ల దగ్గర నిలబడి అప్పటికప్పుడు పుట్టించిన పేర్లు ఎవరికి గుర్తు? గ్యాస్‌కు ఏం చెప్పాను? ఏడాదికోసారి పలకరించే ఇన్సూరెన్స్‌కు? వచ్చిన మెయిల్స్ చిట్టా రాసే సర్వర్ లాగ్ ఫైళ్లు తిరగేద్దామంటే నాలుగు వారాలకు మించి లేవు.

నిన్న చౌరస్తాలో బట్టల షాపు కుర్రాడు బిల్లు కొడుతూ మెయిల్ ఐడీ అడిగాడు. ఎదురుగా పట్టుచీర వేలాడుతోంది. "జరీ అట్ ద రేట్..." మొదలుపెట్టాను.

"జెడ్డా సార్, జేనా?"

"ఏది కొట్టినా వస్తది తమ్మీ."