మహారాజశ్రీ ఓడోమీటరు గారి సముఖమునకు

పాత కారు కొనబోతున్న ఒక మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, నేనిక్కడ అంత కుశలంగా ఏమీ లేను. తమరు మాత్రం డాష్‌బోర్డు అద్దం వెనక నిక్షేపంగా ఉన్నట్టు తెలుస్తోంది. నేను చూసిన ప్రతి బండిలోనూ, అది తిరిగిన కిలోమీటర్లు చెప్పే తమరి అంకె ముద్దుగా, ఎవరి కంటికీ నొప్పి తగలకుండా ఉంది.

పాత కార్ల బేరంలో తమరి మాటే వేదం. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎంత తిరిగింది?" అనే. ఎవరు నడిపారు, ఎలా నడిపారు, ఆయిల్ ఎప్పుడు మార్చారు అన్నవి తర్వాతి సంగతులు. చాలామంది అంతదాకా వెళ్లరు కూడా. 1,01,000 అంటే మొహం చిట్లించే మనిషే 99,000 అంటే "పర్లేదు, చూద్దాం" అంటాడు. ఆ రెండు వేల కిలోమీటర్లలో ఇంజనుకు ఏ ఉపద్రవం వస్తుందో తమరైనా సెలవిస్తారా?

తమరి వంశం చిన్నదేమీ కాదు. రోమన్ల కాలంలోనే బండి చక్రానికి పళ్ల చక్రాలు తగిలించి, మైలు నడిచినప్పుడల్లా ఒక గులకరాయి పెట్టెలో పడే ఏర్పాటు గురించి రాసిపెట్టారు. ప్రయాణం అయ్యాక రాళ్లు లెక్కపెట్టుకుంటే దూరం తెలిసిపోతుంది. అంటే ఆ రోజుల్లో మీటరు వెనక్కి తిప్పాలంటే పెట్టెలో చెయ్యి పెట్టి గుప్పెడు రాళ్లు తీసి పారేస్తే చాలు. ఇప్పుడు ల్యాప్‌టాప్, కేబులు కావాలి. ఇన్నాళ్ల నాగరికత ఊరికే పోలేదు. అమెరికాలో 1972లోనే మీటరు తిప్పడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. అయినా అక్కడ ఏటా నాలుగున్నర లక్షలకు పైగా కార్లు తప్పుడు రీడింగుతో అమ్ముడవుతున్నాయని ఆ దేశపు రహదారి భద్రతా సంస్థే అంచనా వేసింది. బెల్జియం వాళ్లయితే 2006 నుంచి, రీడింగుల చరిత్ర రాసిన పత్రం చేతిలో పెట్టనిదే పాత కారు అమ్మకూడదన్నారు. దేశాలకు దేశాలే తమరి మీద నిఘా పెట్టాయంటే తమరి పరపతి ఎంతటిదో అర్థం చేసుకోగలను.

తమరిని నమ్ముదామనే నేనూ ప్రయత్నించాను. ఒక బండిలో తమరు 30,000 చూపిస్తున్నారు. బ్రేకు పెడలు రబ్బరు చూస్తే గీతలన్నీ అరిగిపోయి బోడిగా ఉంది. డ్రైవరు సీటుకు తలుపు వైపు అంచు నలిగి కుంగిపోయింది. స్టీరింగు తోలు ఎడమ చెయ్యి ఉండే చోట మాత్రమే నిగనిగలాడుతోంది. టైర్ల మీద తయారీ తేదీని నాలుగంకెల్లో అచ్చు వేస్తారు కదా, 3519 అంటే 2019లో 35వ వారమని. కారు వయసుకీ టైర్ల వయసుకీ పొంతన లేదు. అడిగితే, "నాలుగూ కొత్తవి వేయించాం సార్" అన్నాడు అమ్మే ఆయన గర్వంగా. ముప్పై వేలకే నాలుగు టైర్లూ ఎందుకు అరిగాయని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట కారు పాలిష్ కనిపెట్టక ముందే ఎలా పుట్టిందో!

ఇంకో సంగతి తమరికి తెలుసో లేదో. చాలా బండ్లలో తిరిగిన దూరాన్ని తమరొక్కరే రాసుకోరు. ఇంజను కంప్యూటరు రాసుకుంటుంది, గేర్‌బాక్సుది రాసుకుంటుంది, కొన్నిట్లో తాళంచెవి కూడా రాసుకుంటుంది. తమరి చేత మాట మార్పించిన పెద్దమనిషి వాళ్లందరినీ కలిసి రావడం మర్చిపోతుంటాడు. ఆ కంప్యూటర్లు రాసుకున్నది చదివే స్కానర్ పెడితే ఇంటిగుట్టు బయటపడుతుంది.

సరే, తమరు సత్యహరిశ్చంద్రులే అనుకుందాం. అప్పుడైనా తమరు చెప్పేది ఏపాటిది? హాజరుపట్టీ చూస్తే పిల్లాడు బడికొచ్చాడని తెలుస్తుంది, చదివాడో లేదో తెలియదు. తమరి వ్యవహారమూ అంతే. ఒక కారు ట్రాఫిక్‌లో గంటకు సగటున 15 కిలోమీటర్ల చొప్పున 60,000 తిరిగింది. అంటే దాని ఇంజను 4,000 గంటలు పనిచేసింది. ఇంకో కారు హైవే మీద సగటున 50 చొప్పున 1,60,000 తిరిగింది. దాని ఇంజను పనిచేసింది 3,200 గంటలే. క్లచ్చు తొక్కింది తక్కువ, బ్రేకు వేసింది తక్కువ, చల్లటి ఇంజనుతో పొద్దున్నే బయల్దేరింది తక్కువ. తమరి లెక్కలో మాత్రం మొదటిది కుర్రది, రెండోది ముసలిది. ధర కూడా ఆ లెక్కనే పలుకుతుంది.

ఇక డీజిలా, పెట్రోలా అన్న తగువు. ఇందులో తమరి చెయ్యి ఉందనే నా అనుమానం. లక్షన్నర రీడింగు పెట్రోలు బండి మీద కనిపిస్తే "ఇంజను అయిపోయి ఉంటుంది" అని పెదవి విరుస్తారు. డీజిలు బండి మీద కనిపిస్తే "ఇప్పుడిప్పుడే ఫ్రీ అయింది సార్" అంటారు.

డీజిలు గట్టిదన్న పేరు ఊరికే రాలేదు. స్పార్క్ ప్లగ్గుల అవసరం లేకుండా, గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేసే ఇంజను అది. పెట్రోలు ఇంజను గాలిని సుమారు పదో వంతుకు నొక్కితే, ఇది పదహారో వంతు దాకా నొక్కుతుంది. ఆ దెబ్బలకు తట్టుకునేలా బ్లాకు, క్రాంకు, పిస్టన్లు బలంగా చెయ్యక తప్పదు. గ్రీసులో గ్రెగోరియోస్ సచినీడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 నాటి మెర్సిడెస్ 240డి డీజిలు కారును 1981లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే అది 2,20,000 కిలోమీటర్లు తిరిగింది. మధ్యలో ఇంజన్లు మారుస్తూ, మొత్తం 46 లక్షల కిలోమీటర్లు పూర్తి చేసి, 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశాడు.

ఇది వినగానే డీజిలు అభిమానులు కాలర్ ఎగరేస్తారు. కానీ అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు 1966లో కొన్న వోల్వో పి1800 కారు 2013లో 30 లక్షల మైళ్లు దాటింది. కిలోమీటర్లలో చెప్పాలంటే 48 లక్షల పైనే. అది పెట్రోలు కారు. మొదటిసారి ఇంజను విప్పి బాగుచేయించింది 6,80,000 మైళ్ల దగ్గర. ఆయన రహస్యమేమిటంటే, కంపెనీ పుస్తకంలో రాసినట్టు టైముకి ఆయిల్ మార్చడం. ఇంత చప్పటి రహస్యాన్ని ఎవరూ నమ్మరు.

పైగా ఆ 240డికి టర్బో లేదు, పొగ వడగట్టే ఫిల్టరూ లేదు. ఇప్పటి డీజిలు కారుకు ఇవన్నీ తగిలించారు. వాటితో పాటు రెండు వేల బార్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు రెండు వేల రెట్ల ఒత్తిడితో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, పొగలో కొంత మళ్లీ ఇంజనులోకే పంపే ఈజీఆర్ వాల్వు, కుదుపులు తగ్గించే రెండు ముక్కల ఫ్లైవీలు. ఇంజను చెక్కుచెదరకపోయినా దాని చుట్టూ ఉన్నవి ఒకటొకటిగా బిల్లు పంపిస్తాయి. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, 240డి సంపాదించిన పేరు మీద ఇప్పటి బండ్లు అమ్ముడవుతున్నాయి.

అన్నిటికంటే నాకు ముచ్చటేసిన మాట ఒకటుంది. "డీజిలు బండి సార్, 40,000 కూడా తిరగలేదు. లాంగ్ ఎప్పుడూ తీయలేదు, మార్కెట్‌కీ ఆఫీసుకీ అంతే." అమ్మే ఆయన దాన్ని మెచ్చుకోలుగానే చెప్పాడు. కానీ మసి ఫిల్టరు ఉన్న బండికి ఇంతకు మించిన నింద ఉండదు. ఆ ఫిల్టరులో పేరుకున్న మసి కాలి బూడిద కావాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి రావాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. మార్కెట్ దాకా వెళ్లొచ్చే బండి ఆ పని మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు కీ తిప్పి ఆపేస్తారు. అప్పుడు మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్లో కొంత జారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూశాను. ఆయిలు పై గీత దాటి ఉంది, ముక్కు దగ్గర పెడితే డీజిలు వాసన. "చూశారా, చుక్క ఆయిలు తాగదు!" అన్నాడాయన. తాగకపోవడమేమిటి, తిరిగిస్తోంది!

పెట్రోలు వాళ్లు మరీ మురిసిపోనక్కర్లేదు. తిన్నగా సిలిండరులోకే ఇంధనం చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో లోపలికి గాలి వచ్చే వాల్వుల మీద కార్బన్ గారకడుతుంది, కడగడానికి అక్కడ పెట్రోలు తగలదు కాబట్టి. వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో ఆడించే రబ్బరు పట్టీ, అంటే టైమింగ్ బెల్టు, ఉన్న బండి అయితే అది ఎప్పుడు మార్చారో బిల్లు చూడాల్సిందే. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. బెల్టుకు దూరంతో పాటు వయసు కూడా లెక్కే. కదలకుండా నిలబెట్టిన బండిలోనూ రబ్బరు ముసలిదవుతుంది. ఆ ముసలితనం తమరి అంకెలో కనిపించదు.

తమరి తరఫున బండ్లు అమ్మేవాళ్ల మర్యాదలు కూడా చూశాను. నేను వెళ్లేసరికి ఇంజను వేడిగా సిద్ధం చేసి ఉంచుతారు. బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతుంది. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడే నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని, తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే ఇంజనును చల్లబరిచే కూలెంటు లోపలికి పోతోందేమోనని తెలుస్తుంది. ఆ తెలిసేది తెలియకుండా చేయడమే ఆ ఆతిథ్యం. స్కానరు పెడితే ఒక్క తప్పు కూడా లేదంటుంది. కానీ తప్పులు చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా అదే చెబుతుంది. రెండు కిలోమీటర్లట.

కాబట్టి తమరికి నా మనవి. అంకె పక్కనే ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో కూడా చూపండి. ట్రాక్టర్లకూ జనరేటర్లకూ ఆ మీటరు ఎప్పటినుంచో ఉంది, వాటికి లేని నామోషీ తమరికెందుకు? సగటు వేగం కూడా చెరిపేయడానికి వీల్లేకుండా రాస్తే మరీ సంతోషం.

నా సంగతికొస్తే, నాది రోజూ దగ్గరి తిరుగుడే. అందుకని ఆ 40,000 డీజిలును వదిలేసి, 1,60,000 తిరిగిన పెట్రోలు బండికి అడ్వాన్సు ఇచ్చాను. టర్బో లేదు, డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు, గొప్పలు లేవు. ఇదివరకటి ఓనరు ప్రతి ఆయిల్ మార్పుకీ బిల్లు దాచాడు. నాది హైవే ఉద్యోగమైతే, ఇలాగే బిల్లులున్న డీజిలునే వెతికేవాణ్ని, రెండు లక్షలున్నా సరే. అంత పెద్ద అంకె చూసి కొన్నందుకు తమరు కాస్త ఇబ్బంది పడి ఉంటారు, క్షమించగలరు.

ఇట్లు,
డిప్‌స్టిక్ వాసన చూసే అలవాటు పడ్డ
ఒక కొనుగోలుదారు

తా.క.: పక్కనే ఉండే తమరి తమ్ముడు ట్రిప్ మీటరును అడిగానని చెప్పండి. అందరి ముందూ బటను నొక్కించుకుని సున్నాకి వెళ్తాడు. మీ ఇంట్లో నిజాయితీపరుడు అతనొక్కడే.