బంక్ కొట్టినా తొమ్మిది పాయింట్లు!

ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ అలాంటివాడు ఒకడుంటాడు. సెమిస్టర్ మొదలైన వారం కనిపిస్తాడు, మళ్ళీ మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) ముందు కనిపిస్తాడు. మధ్యలో అతని రోల్ నంబరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు గొంతు మార్చి 'ఎస్ సార్' అంటారు. సెమిస్టర్ చివర రికార్డుల్లో హాజరు 76 శాతం తేలుతుంది. ఫలితాలొచ్చాక చూస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు గ్రేడ్ పాయింటు, పదికి తొమ్మిదికి కాస్త అటూ ఇటూ. రోజూ మొదటి బెంచీలో కూర్చుని శ్రద్ధగా నోట్సు రాసుకున్న అమ్మాయికి ఎనిమిది. ఆ అమ్మాయి నోట్సునే జెరాక్స్ తీయించుకుని అతను చదివాడన్నది కొసమెరుపు.

ఇలాంటి కుర్రాణ్ణి పెద్దలు 'చెడిపోయాడు' అంటారు, తోటివాళ్ళు 'మేధావిరా బాబూ' అంటారు. మా దృష్టిలో రెండూ పొరపాటే. ఈ పరీక్షకు ఎంత చదివితే సరిపోతుందో అతను అంచనా వేసుకున్నాడు, అంతే చదివాడు, అంచనా తప్పలేదు. నాలుగు నెలల పాఠాలకు నాలుగు రాత్రుల చదువు సరితూగుతుంటే, అసలు ఆ పరీక్ష దేన్ని కొలుస్తోందని విశ్వవిద్యాలయాలను అడగాలి.

పేపరు తీరు చూడండి. హైదరాబాద్ జేఎన్‌టీయూ 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల్లో సబ్జెక్టుకు వంద మార్కులు. 40 ఇంటర్నల్, 60 ఎక్స్‌టర్నల్. ఆ 60లో 10 మార్కులు చిన్న ప్రశ్నలకు పోతే మిగతా 50 ఐదు పెద్ద ప్రశ్నలకు. యూనిట్‌కు ఒకటి, ప్రతిదానికీ 'లేదా' అంటూ పక్కనే ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్23 కింద ఎక్స్‌టర్నల్ 70 మార్కులకు పెట్టినా ఆ ఐదు 'లేదా'లు అక్కడా ఉన్నాయి. పైగా అక్కడ రెండు మిడ్స్‌లో బాగా రాసినదానికి 80 శాతం వెయిటేజీ, రెండోదానికి 20 శాతమే కాబట్టి ఒకటి తన్నినా కొంప మునగదు. ఇవన్నీ విద్యార్థికి కాస్త వెసులుబాటు ఉండాలన్న మంచి ఉద్దేశంతో పెట్టినవే. కానీ పాత పేపర్లు ఐదారు ముందేసుకుని కూర్చుంటే, యూనిట్‌కు ఏ రెండు మూడు ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. వాటిని పట్టుకుని మిగతాది 'చాయిస్'లో వదిలేయడం మన పిల్లలకు పదో తరగతి నుంచే అబ్బిన విద్య.

ఆ విద్య నేర్పిందీ మనమే. ఇంటర్ రెండేళ్ళూ తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి దాకా గదిలో కూర్చోబెట్టి, టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టించి, మెటీరియల్ చేతికిస్తాం. మార్కులు మెటీరియల్‌లో ఉంటాయన్న సంగతి అప్పుడే ఒంటబడుతుంది. అలా పెరిగిన పిల్లవాడు బీటెక్‌లో చేరి, కాలేజీకి రాకపోయినా అడిగే వార్డెన్ లేడని గ్రహించడానికి నెల రోజులు కూడా పట్టదు.

సెమిస్టర్ పరీక్షల రోజుల్లో కూకట్‌పల్లి జేఎన్‌టీయూ చుట్టుపక్కల ఏదో ఒక జెరాక్స్ షాపు ముందు సాయంత్రం కాసేపు నిలబడితే ఈ చదువు ఎలా సాగుతుందో కళ్ళారా చూడొచ్చు. సబ్జెక్టు పేరు పూర్తిగా చెప్పక్కర్లేదు. బ్రాంచీ, సెమిస్టరు చెబితే చాలు, షాపతను వెనక అరలోంచి స్టేపుల్ కొట్టిన కాగితాల కట్ట తీసి బల్లమీద పడేస్తాడు. మొదటి పేజీలో యూనిట్లవారీగా ప్రశ్నలు, పక్కన నక్షత్రం గుర్తులు. మూడు నక్షత్రాలుంటే వచ్చి తీరుతుందని నమ్మకం. రాత్రి హాస్టల్ గదిలో ఒకడు ఫోన్‌లో సబ్జెక్టంతా ఒక్క ఊపులో చెప్పేసే 'వన్ షాట్' వీడియో రెండింతల వేగంతో పెడితే మంచం చుట్టూ నలుగురు మూగుతారు. తెల్లారేసరికి మూడు యూనిట్లు గట్టెక్కుతాయి. పొద్దున పది గంటలకు హెడ్డింగుల కింద గీతలు కొట్టి, బొమ్మ వేసి, పేజీలు నింపి వచ్చేస్తారు. మధ్యాహ్నం భోజనం వేళకు చదివినదాంట్లో సగం ఆవిరి. పది రోజులాగి అదే ప్రశ్న ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే తెల్లముఖమే.

ఇంతకీ క్లాసు ఎగ్గొట్టినవాళ్ళు ఎక్కడికి పోతున్నారు? సినిమాకు పోయేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, ఉంటారు. కానీ మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలను అడిగి చూడండి. చాలామంది అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో తేలతారు. జావా, పైథాన్, ఫుల్‌స్టాక్ అంటూ విడిగా ఫీజు కట్టి, బెంచీ మీద నలుగురు ఇరుక్కుని కూర్చుని పాఠం వింటారు. అక్కడ హాజరు ఎవరూ అడగరు. అయినా ఒక్కరోజు మానరు. కాలేజీలో ముళ్ళమీద కూర్చున్నట్టుండే కుర్రాడు అక్కడ రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు. పాఠం మీద మన పిల్లలకు మొహం మొత్తిందనేవాళ్ళు ఒకసారి ఆ మెట్లెక్కి చూసిరావాలి.

మానేయదగ్గ క్లాసులూ ఉన్నాయని ఒప్పుకోవాలి. స్లైడ్లు తెరమీద వేసి ఉన్నది ఉన్నట్టు చదివి పంపే క్లాసుకు ఎందుకు రావాలని విద్యార్థి అడిగితే జవాబు చెప్పడం కష్టమే. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. మరోపక్క ఆ అధ్యాపకుడి తిప్పలూ చూడాలి. నిన్న ఎంటెక్ ముగించి ఈ రోజు పాఠం చెప్పడానికి వచ్చి, తాను చదవని సబ్జెక్టు కూడా నెత్తినేసుకుని, జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి నుంచి అంతకు మించి ఆశించడం అన్యాయం.

దీనికి మన వ్యవస్థ కనిపెట్టిన మందు ఒక్కటే, హాజరు మిషన్. వేలిముద్ర, తర్వాత ముఖం. సగటున 75 శాతం హాజరుండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి, కండోనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో తగిన కారణమంటే మెడికల్ సర్టిఫికెట్. సెమిస్టర్ చివరి వారంలో కాలేజీ ఆఫీసు కిటికీ ముందు ఆ కాగితాలు పట్టుకుని నిలబడిన క్యూ చూస్తే ఊళ్ళో టైఫాయిడ్ ప్రబలిందేమో అనిపిస్తుంది. చిత్రమేమిటంటే, రాని పాఠానికి జరిమానా కడితే వచ్చినట్టే లెక్క. పోయిన పాఠం మాత్రం మళ్ళీ ఎవరూ చెప్పరు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఈ లెక్క మరింత చిక్కుపడింది. రెండు రాష్ట్రాల్లోనూ ఈ సాయానికి 75 శాతం హాజరే షరతు. ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు విద్యార్థి హాజరు మీద ఆధారపడినప్పుడు అతను గైర్హాజరయ్యాడని రాసుకోవడానికి ఏ కాలేజీకి మనసొప్పుతుంది? ఇక్కడ నష్టపోయేది నిజంగా అవసరముండి రాలేనివాడే. రాత్రంతా డెలివరీ బండి నడిపి పొద్దున్నే లేవలేని కుర్రాడు, ఇంట్లో మంచాన పడిన అమ్మను చూసుకునే అమ్మాయి. వాళ్ళకు గొంతు మార్చి పలికే స్నేహితులూ ఉండరు, కండోనేషన్‌కు డబ్బూ ఉండదు.

ఇంత చెప్పాక, క్లాసు మానడమే తెలివని మేము అంటున్నట్టు ఎవరైనా అనుకుంటే అది మా తప్పే. 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, అప్పటిదాకా ఈ అంశం మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసింది. కాలేజీలో ఎవరికి ఎలాంటి గ్రేడ్లు వస్తాయో ముందే చెప్పడానికి ప్రవేశ పరీక్ష స్కోరు కంటే, హైస్కూలు మార్కుల కంటే క్లాసు హాజరే బాగా పనికొస్తుందని తేల్చింది. హాజరును తప్పనిసరి చేయడం వల్ల గ్రేడ్లు పెరిగేది మాత్రం కొద్దిగానే అని కూడా అదే అధ్యయనం చెప్పింది. మన కాలేజీలు మొదటి సగం విని రెండో సగం వదిలేసినట్టున్నాయి. పిల్లలేమో రెండో సగం విని మొదటిది వదిలేశారు. తొమ్మిది పాయింట్లు తెచ్చుకున్న ఆ ఒక్కడి కథ హాస్టల్లో అందరికీ తెలుసు. అతన్ని చూసి బంక్ కొట్టి, నాలుగో ఏట ఏడు బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) మోస్తున్నవాడి కథ ఎవరూ చెప్పుకోరు. ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికి వన్ షాట్ వీడియోలో సగం మాటలు అర్థం కావు. ఆగి, 'ఇది తెలిసిందా?' అని అడిగే మనిషి అతనికి కావాలి. ఆ మనిషి ఉండేది క్లాసులోనే.

హాజరు నిబంధన లేకుండా కాలేజీ నడవదా అంటే, హైదరాబాద్ శివార్లలో షామీర్‌పేట దగ్గర నడుస్తూనే ఉంది. బిట్స్ పిలానీ విద్యాసంస్థలో కనీస హాజరు నిబంధనే లేదు. హైదరాబాద్ క్యాంపస్‌లోనూ అంతే. కాకపోతే అక్కడ క్విజ్‌లు, మిడ్ సెమ్, చివర కాంప్రీ (సెమిస్టర్ ఆఖరి పరీక్ష) అంటూ సెమిస్టర్ పొడుగునా ఏదో ఒక పరీక్ష తగులుతూనే ఉంటుంది. కొన్ని పరీక్షలకు పుస్తకం వెంట తీసుకెళ్ళి చూసి రాయొచ్చు. పుస్తకం తెరిచి పెట్టుకున్నా జవాబు దొరకని ప్రశ్న అడగాలంటే ముందు అధ్యాపకుడు ఆలోచించాలి. ఏరికోరి తీసుకున్న విద్యార్థులు, భారీ ఫీజులు ఉన్న చోటితో మన జిల్లా కాలేజీలకు పోలికేమిటని అడగొచ్చు. పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. అయితే మన దగ్గరే ఇంకో దారీ ఉంది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టింది మనమే. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు మీద ఉంది. రోజూ క్లాసుకు రాలేని గుమస్తాలు, గృహిణులు, కండక్టర్లు ఎందరో అక్కడ డిగ్రీ చదువుకున్నారు. దొంగ హాజరు అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు. రాలేరని ముందే ఒప్పుకుని, సొంతంగా చదువుకునేలా పాఠ్యపుస్తకాలు రాయించారు.

కోర్టులు కూడా ఈ మధ్య ఇటువైపు చూస్తున్నాయి. హాజరు తక్కువైందని పరీక్ష రాయనివ్వకపోవడంతో 2016లో ఢిల్లీలో ఒక లా విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. ఆ కేసులో 2025 నవంబరు 3న ఢిల్లీ హైకోర్టు తీర్పిస్తూ, కనీస హాజరు లేదన్న కారణంతో ఏ న్యాయ విద్యార్థినీ పరీక్షకు దూరం చేయరాదంది. హాజరు వివరాలు వారం వారం తెలియజేయాలని, తగ్గితే నెలనెలా ఇంటికి చెప్పాలని, పోయిన పాఠాలకు అదనపు తరగతులు పెట్టాలని సూచించింది. ఆ తీర్పు న్యాయ కళాశాలలకు సంబంధించినదే అయినా ఈ చివరి మాట మన ఇంజినీరింగ్ కాలేజీలకు అతికినట్టు సరిపోతుంది. వరసగా రెండు వారాలు రాని విద్యార్థికి ఫోన్ చేసి 'ఏమైంది నాన్నా?' అని అడగడానికి హాజరు పట్టీ పనికిరావాలి. సెమిస్టర్ చివర జరిమానా లెక్క కట్టడానికి దాచిపెట్టుకునే పట్టీతో ఎవరికీ ప్రయోజనం లేదు.

ల్యాబు మాత్రం వేరే సంగతి. ఎంబీబీఎస్‌లో థియరీకి 75 శాతం హాజరు చాలన్నవాళ్ళే ప్రాక్టికల్స్‌కు 80 అడుగుతున్నారు. అర్థమున్న తేడా అది. చేత్తో చేస్తేగానీ రాని పనికి మనిషి అక్కడ ఉండి తీరాలి. ఇంజినీరింగ్‌లో మాత్రం ల్యాబ్ రికార్డు కూడా పక్కవాడిది చూసి ఒక్క రాత్రిలో రాసేసే సరుకైపోయింది. పట్టుబట్టాల్సింది ఇక్కడ. థియరీ క్లాసులో పట్టు కాస్త సడలించినా, రాని పని ల్యాబులో వచ్చినట్టు సంతకం పెట్టడం ఆపితే చాలా తేడా కనిపిస్తుంది. మార్కుల్లో కొంత భాగాన్ని క్లాసులో అప్పటికప్పుడు రాసే చిన్న పరీక్షలకు, నోటితో అడిగే ప్రశ్నలకు మళ్ళించడానికి స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు. మనసుండాలి, అంతే.

ఈలోగా వచ్చే సెమిస్టర్‌కు ప్రశ్నపత్రాలు తయారుచేసే అధ్యాపకులు ఒక పని చేసి చూడొచ్చు. సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికి వెళ్తూ జెరాక్స్ షాపు దగ్గర ఆగి, తమ సబ్జెక్టు 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' కట్ట ఒకటి కొనుక్కోవాలి. అందులో మూడు నక్షత్రాలున్నవన్నీ కొట్టేసి, మిగిలిన సిలబస్ లోంచి పేపరు రాయాలి.