ఇంగ్లిష్ ఎమ్మేలో గిరీశమే పాసవుతున్నాడు

ఎమ్మే ఇంగ్లిష్ చదువుతున్న మా బంధువుల అమ్మాయిది పలాస. వాళ్లమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. "మాయమ్మ ఏళ్లు సూడాల మావయ్యా, ముద్ద కలిపితే అన్నమంతా జీడి వాసనే" అంది మొన్న సెలవులకు వచ్చినప్పుడు. ఇదే ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసివ్వమన్నాను. అరగంట పెన్ను కొరికి, పలాస జీడిపప్పుకు ప్రసిద్ధి, జీడి ముఖ్యమైన వాణిజ్య పంట అని మొదలుపెట్టింది. వేళ్లూ లేవు, వాసనా లేదు, అమ్మా లేదు.

తప్పు పిల్లది కాదు. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన నోట్సే ఆమెకు హామ్లెట్. రెండేళ్లలో సొంత వాక్యం రాయమని అడిగిన నాథుడు లేడు. విజయనగరంలో 1919 నుంచి ఉన్న సంగీత కళాశాలలో గొంతు విప్పకుండానే డిప్లొమా ఇస్తామంటే ఊరుకుంటామా?

డీఎస్సీ కొడితే చాలు, రాతలు కూడు పెడతాయా అంటారు తల్లిదండ్రులు. న్యాయమే. కానీ ఆ టీచరుకే సొంత వాక్యం రాకపోతే రేపు బడిపిల్లలకూ గైడే దిక్కు.

విజయనగరం మహారాజా కాలేజీలో చదివిన గురజాడ 1883లో 'సారంగధర' కావ్యాన్ని ఇంగ్లిష్‌లోనే రాశాడు. దాన్ని కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రికలో అచ్చేసిన శంభుచంద్ర ముఖర్జీయే ఆయన్ను తెలుగులో రాయమన్నాడు. 1897లో 'కన్యాశుల్కం' పుస్తకంగా వచ్చినప్పుడు పీఠిక ఇంగ్లిష్‌లో ఉంది. నాటకానికి వాడుక భాషే ఎందుకు తగినదో వాదించింది అందులోనే! వీధిలో మాటను గెలిపించడానికి ఆయనకు ఇంగ్లిష్ పనికొచ్చింది. ఆ నాటకంలోని గిరీశానికేమో శిష్యుడు వెంకటేశం తల్లి ముందు పద్యం ముక్కలు వల్లించి గొప్పలు పోవడానికి పనికొచ్చింది. మన సిలబస్ ఈ ఇద్దరిలో ఎవరిని తయారుచేస్తోందో చెప్పక్కర్లేదు.

నా అసలు బాధ వేరే. ఈ అమ్మాయి ఇంగ్లిష్ కంటే ముందు తన యాసకు సిగ్గుపడడం నేర్చుకుంది. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర మాట వినబడిందంటే నవ్వించడానికే కదా. సవర గిరిజనుల మాటకు సైతం నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో ఈ గతి! 'ఏళ్లు' అన్నదాన్ని మనసులో 'వేళ్లు' అని దిద్దుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. రెండు గుమ్మాలు దాటేసరికి అమ్మ వెనకే ఉండిపోయింది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎమ్మే ఇంగ్లిష్‌కి ఒక్క పేపరు పెట్టండి. ఇంట్లో విన్న మాటను దిద్దకుండా నేరుగా ఇంగ్లిష్‌లోకి తేవాలి. దానికి జిరాక్స్ షాపులో నోట్సు దొరకదు.