మాత్రలను అంత తేలిగ్గా కొట్టివేయకండి
విటమిన్ బి12 లోపానికి ఇంజెక్షన్ ఒక్కటే మార్గమనీ, మాత్రలు వృథా అనీ వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మా అమ్మగారు శాకాహారి. పైగా మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, అది కూడా బి12ను తగ్గించగలదు. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియనంతగా పాదాలు మొద్దుబారినప్పుడు డాక్టరుగారు మొదట ఇంజెక్షన్లే ఇచ్చారు, నరాలు దెబ్బతింటున్న స్థితిలో అదే సరైన పని. ఆ తర్వాత రెండేళ్లుగా రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్రతోనే ఆమె నిలకడగా ఉన్నారు. బి12ను పట్టి లోపలికి చేర్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లోపించినవారిలో సైతం అంత మోతాదులో సుమారు 1 శాతం రక్తంలోకి చేరుతుంది. అంటే దాదాపు 10 మైక్రోగ్రాములు, పెద్దలకు రోజుకు కావలసింది 2 నుంచి 2.5 మాత్రమే. కాకపోతే మాత్రను మధ్యలో మానకుండా, అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి.